చల్లగదిలో ఆడ పెత్తనం

మా అక్కకు ఆ పరిశోధనశాలలో ఇరవై రెండేళ్ల సర్వీసు. సీతాకోకచిలుకల్ని పెంచడం ఆమె పని. గుడ్లు ఏరుతుంది, పురుగులకు మొక్కజొన్న ఆకులు వేస్తుంది, రెక్కలొచ్చాక అరటిపండు ముక్కలు పెడుతుంది. అందరూ 'పురుగులక్క' అంటారు. నేను అదే భవనంలో ఏసీ మెకానిక్‌ని. ఆ ఉద్యోగం ఇప్పించింది కూడా అక్కే. ఆ సంగతి వారానికి రెండుసార్లయినా గుర్తుచేస్తుంది.

అక్క చేతికింద రెండు గదులు. వెచ్చగది ఇరవై ఏడు డిగ్రీలు, చల్లగది పదిహేడు. ఒకే తల్లి గుడ్లను సగం ఇక్కడా సగం అక్కడా పెంచితే రెండు రకాల సంసారాలు తయారవుతాయి. వెచ్చగదిలో మగవి ఆడవాటి వెంటపడతాయి. చల్లగదిలో పెరిగితే ఆడవే మగవాటి చుట్టూ తిరిగి రెక్కలు టపటపలాడిస్తాయి. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు మా బావ, "మనింట్లో ఏసీ ఎప్పుడు పెట్టించావే?" అన్నాడు. అక్క మూడు రోజులు మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ ప్రాణానికి హాయిగా ఉందని బావ నాతో అన్నాడు గానీ, నేనది ఎక్కడా అనలేదు.

ఇదంతా ఎందుకు జరుగుతుందో తేల్చడం పెద్ద మేడమ్ పని. జన్యువులు నాకు స్విచ్చుల లెక్కన అర్థమయ్యాయి. బోర్డు అందరి దగ్గరా ఉంటుంది, ఏ స్విచ్చు వేసి ఉందన్నదే తేడా. పురుగుగా ఉన్నప్పుడు తగిలిన చలికి ఆడదాని కంట్లో కొన్ని స్విచ్చులు పడతాయి, కొన్ని ఆరిపోతాయి. అదే చలికి మగదాని కంట్లో వేరే వరస. మేడమ్ వాటి తలకాయలు నూరి ఆ వరస చదువుతారు.

ఆ సోమవారం ఫలితాలు వచ్చాయి. చల్లగది ఆడవీ మగవీ అన్నీ దాదాపు వెచ్చగది వాటిలాగే ఉన్నాయి.

"పెట్టెలు తారుమారు చేశారు," అన్నారు మేడమ్.

"నేనా? ఇరవై రెండేళ్లలో ఒక్క చీటీ మారలేదు మేడమ్! ఆ గది చల్లగా లేదు. మగవేమో వెంటపడుతున్నాయి, ఆడవేమో ముంగుల్లా కూర్చున్నాయి. చల్లగదిలో అలా జరగనే జరగదు."

"మీటరు పదిహేడు చూపిస్తోంది కదా? మీ తమ్ముణ్ణే అడుగుదాం."

అడిగారు. "మిషన్ భేషుగ్గా ఉంది," అన్నాను. నా మిషన్‌ని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. శుక్రవారంలోగా సంగతి తేలకపోతే అక్కను సీతాకోకల దగ్గర్నుంచి తీసేసి స్టోరుకు పంపుతామన్నారు.

పిల్లల్లేక పురుగుల్ని పెంచుకుంటోంది కాబోలు అనుకునేరు. ఇద్దరున్నారు, ఇద్దరూ అక్క కంటే పొడుగు. వాళ్ల పుట్టినరోజులు మరిచిపోతుందేమో గానీ, ఏ గూట్లోంచి ఏ సీతాకోక ఎప్పుడు బయటికొస్తుందో మరిచిపోదు. స్టోరులో అట్టపెట్టెల మధ్య ఆమెను ఊహించుకుంటే నాకు అన్నం సహించలేదు.

గురువారం పొద్దున పంతం కొద్దీ నా థర్మామీటరు తీసుకెళ్లి చల్లగదిలో పెట్టెల పక్కన ఉంచాను. ఇరవై నాలుగు! తలెత్తి చూశాను. గది వేడిని కొలిచే సెన్సరు చల్లగాలి వచ్చే మూతికి జానెడు దూరంలో వేలాడుతోంది. గది ఎంత వేడెక్కినా దానికి తగిలేది ఆ చల్లగాలే, అందుకే మీటరులో పదిహేడు. ఏ తలమాసినవాడు పెట్టాడ్రా అక్కడ అని తిట్టాను కూడా. తిట్టాక గుర్తొచ్చింది. మూడు నెలల కిందట ఎండలు ముదిరినప్పుడు గది వేడెక్కిందంటూ అలారం గంటకోసారి మోగి నన్ను కునుకు తియ్యనిచ్చేది కాదు. నేనే స్టూలెక్కి సెన్సరును అక్కడికి జరిపాను. అలారం నోరు మూసుకుంది. మర్నాడు సరిచేద్దామనుకుని శుభ్రంగా మరిచిపోయాను.

అప్పటికే నా పేరు మీద ఒక మెమో ఉంది. రెండోది వస్తే ఇంటికే. అక్క స్టోరులో అయినా నీడపట్టున ఉంటుంది, నా గతేమిటి అని నాతో నేనే వాదించుకున్నాను. ఇలాంటి లాయరు మాటలు నాకు బాగానే వస్తాయి. మధ్యాహ్నం చల్లగది ముందు నుంచి పోతుంటే, అక్క పెట్టెలు తుడుస్తూ లోపలి వాటితో మాట్లాడుతోంది. "రేపట్నుంచి ఎవరొస్తారో ఏమోనర్రా. బాగా మగ్గిన పండే పెట్టమని అడగండి." నాకు సిగ్గుతో చచ్చినంత పనయింది.

శుక్రవారం మేడమ్ గదిలో, అక్క ఎదుటే, అంతా చెప్పేశాను. మేడమ్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"మూడు నెలల పని! మీ కునుకు కోసం!" తర్వాత అక్కవైపు తిరిగారు. "మీకు ముందే తెలుసా?"

"తెలీదు మేడమ్," అంది అక్క, రెప్ప వెయ్యకుండా.

నాకు రెండో మెమో ఖాయమన్నారు. ఉంచడమా ఊడబెరకడమా అన్నది పైవాళ్లు చూసుకుంటారట. బయట మెట్ల మీద అక్క నా నెత్తిన ఠంగున ఒక్కటి మొట్టింది.

"అడ్డగాడిదా! అయిదు వందల ప్రాణాలురా! అన్నీ వృథా!"

"నీకు నిజంగా తెలీదా అక్కా?"

"నువ్వెక్కిన రోజు ఆ స్టూలు మీద నీ చెప్పుల అచ్చులు తుడిచింది నేనే. ఎందుకెక్కావో అప్పుడు తెలీలేదు. సోమవారం నువ్వు మిషన్ భేషుగ్గా ఉందన్నాక, తలెత్తి సెన్సరు చూస్తే తెలిసింది."

"మరి చెప్పలేదేం? స్టోరుకు పోయేదానివిగా!"

"పోయేదాన్నే," అంది అక్క. ముక్కు చీదుకుని, కొత్త గుడ్లు ఏరడానికి వెళ్లిపోయింది.