ఎప్పుడైనా రండి

మా ఆవిడ బిర్యానీ కోసం కాగిన నేతిలో షాజీరా వేసిందంటే నాకు మా వంటిల్లు కనబడదు. ఖతార్‌లో, అల్ ఖోర్ దగ్గరి ఒక క్యాంపు బేకరీ కనబడుతుంది. స్టీలు బల్ల మీద అప్పుడే దించిన నల్లటి రొట్టె, దాని పగుళ్ళలో ఇరుక్కున్న షాజీరా లాంటి గింజలు, పక్కన మోచేతుల దాకా పిండి అంటిన ఒక పొడుగాటి మనిషి. "మళ్ళీ ఎక్కడికి వెళ్ళిపోయారు?" అంటుంది మా ఆవిడ. "గెర్డా మేడమ్ దగ్గరికి" అంటాను. ఆమెను ఇంట్లో ఎవరూ చూడలేదు. అయినా నేను ఎవరికైనా ముఖం మీద "కాదు" అని చెప్పి వచ్చినప్పుడల్లా మా ఆవిడ గెర్డా మేడమ్‌నే తిడుతుంది.

తొంభైల మధ్యలో అక్కడ గ్యాస్ ప్లాంటు పనులు జోరుగా సాగుతుండేవి. పనివాళ్ళకు వండిపెట్టే ఒక అమెరికా కంపెనీలో స్టోర్స్‌లో చేరిన నన్ను, తణుకులో చదివిన నాలుగు ఇంగ్లీషు ముక్కల పుణ్యమా అని, బేకరీ నడిపే గెర్డా మేడమ్‌కు అసిస్టెంటుగా వేశారు. పేరుకు అసిస్టెంటునే గాని చేసింది దుబాసీ పని. నేపాలీలు, బెంగాలీలు, మనవాళ్ళు హిందీలోనో తెలుగులోనో చెప్పింది నేను ఇంగ్లీషులో ఆమెకు చేరవేయాలి. ఎవరి మాటైనా నా నోటి మీదుగా వెళ్ళాల్సిందే. ఆ దారి మూసేస్తే అవతలివాడికి ఇంకో దారి ఉండదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మేడమ్ జర్మనీలో ఒక చిన్న ఊళ్ళో రొట్టెలు కాల్చే ఇంట పుట్టింది. పెళ్ళయ్యాక భర్తతో అమెరికా వలస వెళ్ళింది. అక్కడే జీవితంలో పెద్ద భాగం గడిపి, భర్త పోయాక, పిల్లలు ఎవరి దారిన వాళ్ళు స్థిరపడ్డాక, ఈ కంపెనీలో చేరి ఖతార్‌కు వచ్చింది. "జర్మనీ వెళితే నన్ను అమెరికా మనిషి అంటారు. అమెరికాలో జర్మన్ అంటారు. ఇక్కడ అందరూ మేడమ్ అంటారు. ఇదే నయం" అని నవ్వేది.

మొదటి రోజే నన్ను పట్టుకుంది. "ఓవెన్ శుభ్రం చేయించారా?" అని అడిగితే నేను అలవాటు ప్రకారం తల ఊపాను.

"ఇది అవునా, కాదా?"

"అవును మేడమ్... దాదాపు."

"దాదాపు అంటే కాదు. కాదని చెప్పడానికి మెడకు ఇంత శ్రమ ఎందుకు?"

ఆమె మాట్లాడింది ఇంగ్లీషే అయినా, నా జ్ఞాపకంలో ఆమె నన్ను "మీరు" అనే అంటుంది. దానికీ ఒక కారణం ఉంది. మా క్యాంపు బాస్ అమెరికన్. వచ్చిన రోజే భుజం తట్టి "నన్ను బిల్ అని పిలువు" అన్నాడు. నాకు నోరు తిరగక "బిల్ సార్" అన్నాను. మేడమ్ పడీపడీ నవ్వి, "మా భాషలో మీరు, నువ్వు అని రెండు ఉన్నాయి. మీరు నుంచి నువ్వుకు రావడానికి ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది. అమెరికాలో అందరికీ ఒకటే యూ. మొదటి రోజే పేరు పెట్టి పిలిచారు. నేను వాళ్ళందరూ నాకు ప్రాణస్నేహితులు అయిపోయారనుకున్నాను" అంది. మా భాషలోనూ మీరు, నువ్వు ఉన్నాయని చెప్పినప్పుడు చుట్టం దొరికినంత సంబరపడింది. అప్పటి నుంచి నన్ను మిస్టర్ ప్రసాద్ అనేది. బిల్ మాత్రం "ప్రాస్" అనేవాడు.

మధ్యాహ్నం పని తగ్గాక ఆ నల్లరొట్టె కోసి, వెన్న రాసి, నాకో ముక్క ఇచ్చి అమెరికా కబుర్లు చెప్పేది. "కొత్తలో దుకాణంలో ఒకామె 'ఎలా ఉన్నారు?' అని అడిగింది. అడిగింది కదా అని చెప్పడం మొదలుపెట్టాను. మోకాలు నొప్పి, రాత్రి నిద్ర లేదు, మా అత్తగారికి నా వంట నచ్చడం లేదు. ఆమె నవ్వు చెరగకుండా ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ తలుపు దాటి వెళ్ళిపోయింది. అది ప్రశ్న కాదని తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది."

ఒకరోజు పూల సంగతి చెప్పింది. పక్కింటావిడ కంచె దగ్గర కనబడినప్పుడల్లా "ఎప్పుడైనా రండి, కాఫీ తాగుదాం" అనేదట. మేడమ్ ఆ ఆదివారం మంచి గౌను వేసుకుని, భర్తకు టై కట్టించి, పూలగుత్తి పట్టుకుని సరిగ్గా నాలుగింటికి తలుపు తట్టింది. వాళ్ళ ఊళ్ళో ఆదివారం కాఫీకి వెళ్ళే వేళ అదే. పక్కింటావిడ ఇంటి బట్టల్లో, తడి జుట్టుతో తలుపు తీసి, కంగారుగా "ఏమైనా జరిగిందా?" అని అడిగిందట.

"ఆ పూలున్న చేతిని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. మేము ఎవరినైనా రమ్మంటే రోజు చెబుతాం, వేళ చెబుతాం. రోజు చెప్పని పిలుపు పిలుపే కాదు."

నాకు నవ్వాగలేదు. "మాకూ ఇది అలవాటే మేడమ్. రైల్లో పరిచయమైనవాళ్ళకు కూడా దిగేటప్పుడు మా ఇంటికి రండి అంటాం."

"వాళ్ళు వస్తే?"

"రారు మేడమ్."

"వస్తే?"

ఇంకో ముక్క రొట్టె నోట్లో పెట్టుకున్నాను. మల్లయ్య అప్పటికే నా తలుపు తట్టి ఉన్నాడన్న సంగతి అప్పుడైనా నాకు గుర్తు రావలసింది.

మల్లయ్యది సిరిసిల్ల దగ్గరి పల్లె. నేతపని చేసేవాడు. మగ్గాలు ఆగిపోయి ఇటు వచ్చాడు. క్యాంపు ఆవరణలో ఎండలో చెత్త ఎత్తే పని. అతని కాంట్రాక్టు కొద్ది వారాల్లో ముగుస్తోంది. లోపలి సెక్షన్లలో ఎవరైనా తీసుకుంటేనే ఉంటాడు, లేకపోతే ఇంటికే. బేకరీలో ఒక మనిషి కావాలన్న మాట ఎలాగో అతని చెవిన పడింది. ఒక శుక్రవారం మేము జడలా అల్లే తీపి రొట్టెను కిటికీలోంచి చూసి, "గిట్ల జడ అల్లుడు నాకొస్తదన్న. పోగులు అతికిన వేళ్ళు ఇవి. జర మేడమ్‌కు చెప్పరాదే" అన్నాడు.

"చూద్దాంలేవయ్యా" అన్నాను.

ఆ మాట మా వైపు ఎంత తేలికో! అన్నవాడికి భారం ఉండదు, విన్నవాడికి ఆశ పోదు. నేను అడగలేదు. మేడమ్ కసురుతుందనీ కాదు. ఆమె కాదంటే, ఆ "కాదు"ను మోసుకెళ్ళి మల్లయ్య ముఖం మీద చెప్పాల్సింది నేనే. అది నాకు చేతకాదు. అందుకని కనబడినప్పుడల్లా "అదే పని మీద ఉన్నాను, చూద్దాం" అంటూ వచ్చాను. మంచివాడినన్న పేరు నాకే ఉండాలి, చెడ్డమాట ఎవరో చెప్పాలి. నా మంచితనం అంతా ఇదే.

ఒకరోజు మెస్ లైనులో మల్లయ్య వెనక నుంచి భుజం తట్టాడు. ముఖం వెలిగిపోతోంది.

"అన్న, లాండ్రీల మనిషి కావాల్నని ఫోర్‌మన్ నన్ను పిలిచిండు. వద్దని చెప్పిన."

"వద్దన్నావా? ఎందుకు?"

"ఎందుకేంది? నువ్వు చూస్తున్నవ్ గద! ఇద్దరికి మాటిస్తే మంచిగుంటదా?"

కంచం అక్కడే పెట్టేశాను. అటునుంచి అటే బేకరీకి వెళ్ళి, మొదటి నుంచి చివరి దాకా మేడమ్‌కు చెప్పాను. ఆమె రొట్టె కోస్తూ విన్నది.

"అడిగి ఉంటే అవుననేదాన్ని. నిన్న ఒక నేపాలీకి మాటిచ్చాను."

"మేడమ్, ఒక్కసారి ఆలోచించి..."

"లేదు. అతను నా మాట నమ్ముకున్నాడు. మల్లయ్యకు ఎవరు చెబుతారు?"

"చూద్దాం మేడమ్" అని నా నోట్లోంచి వచ్చేసింది.

ఆమె కత్తి బల్ల మీద పెట్టింది. "ఏం చూస్తారు, మిస్టర్ ప్రసాద్?"

ఆ సాయంత్రం క్యాంపు వెనక, నీళ్ళ ట్యాంకర్ నీడలో కూర్చున్న మల్లయ్యకు చెప్పాను. నేను అడగలేదనీ, చోటు పోయిందనీ. అతను కోప్పడతాడని సిద్ధపడి వెళ్ళాను. అతను తన అరిచేతులు చూసుకుంటూ అన్నాడు.

"అడగలేనని ముందే చెప్తే అయిపోతుండె గదన్న. నేనే అడుగుతుంటి. ఇంగ్లీషు రాకుంటే ఏమాయె, సైగలతోనన్న అడుగుతుంటి."

అతను తిట్టి ఉంటే బహుశా నేను ఈపాటికి మరచిపోయేవాణ్ణి.

మర్నాడు మొహం వేలాడేసుకుని పిండి తూస్తున్న నన్ను చూసి మేడమ్, "ఆ పూల కథ మీకు సగమే చెప్పాను" అంది. ఆ నాటి తర్వాత రెండేళ్ళు ఆమె పక్కింటావిడతో సరిగా మాట్లాడలేదట. అమెరికావాళ్ళ మాట గాలిమాట అని తేల్చేసుకుందట. ఒక చలికాలం భర్త ఆసుపత్రిలో ఉండగా పెద్ద మంచు పడింది. పొద్దున్నే తలుపు తీస్తే వాకిట్లో ఆ పక్కింటావిడే, పార పట్టుకుని మంచు ఎత్తుతోంది. ఎవరూ పిలవలేదు. గుమ్మం దగ్గర మూతపెట్టిన గిన్నెలో కూర.

"మా ఊళ్ళో పిలవకుండా ఎవరూ రారు. ఆవిడ పిలిచినప్పుడు మాట నిజం కాలేదు, నేను పిలవనప్పుడు చెయ్యి నిజమైంది. రెండేళ్ళు నేను వాళ్ళ మాటలనే తూస్తూ కూర్చున్నాను, చేతులు చూడలేదు." తక్కెడ నా ముందు నుంచి జరిపి, "మీ మాట ఎలాగూ పోయింది. చేతులున్నాయిగా. యల్లా, కదలండి!" అంది.

ఆ రోజే లాండ్రీ ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళాను. తప్పు మల్లయ్యది కాదు, నాది అని చెప్పాను. "ఆ చోటు నిండిపోయింది భాయ్" అన్నాడు. మెస్‌లో అడిగాను, స్టోర్స్‌లో అడిగాను. బిల్ గది ముందు నిలబడ్డాను. అతను "గ్రేట్ ఐడియా, ప్రాస్! తప్పకుండా మనసులో పెట్టుకుంటాను" అన్నాడు. ఒకప్పుడైతే ఆ మాట పట్టుకుని మల్లయ్య దగ్గరికి పరుగెత్తేవాణ్ణి. ఈసారి "అంటే అవునా, కాదా సార్?" అని అడిగాను. అతని నవ్వు కాస్త సన్నబడింది. "కాదు" అన్నాడు. ప్రతి "కాదు"నూ ఆ పూటే తీసుకెళ్ళి మల్లయ్యకు అప్పజెప్పాను. శుక్రవారాలు బస్సెక్కి దోహా వెళ్ళి, ముషైరిబ్ వీధుల్లో మనవాళ్ళు కలిసే చోట ఇద్దరమూ కలిసి అడిగాం. అక్కడా అదే జవాబు. "ఇయ్యాల్టి మాఫీ ఏందన్నా?" అని అతనే నవ్వుతూ ఎదురొచ్చేవాడు. మాఫీ అంటే అరబ్బీలో లేదు అని. ఏదీ కుదరలేదు. కాంట్రాక్టు ముగిసింది.

ఎయిర్‌పోర్టు బస్సు దగ్గర మల్లయ్య సంచి అందిస్తుంటే "మళ్ళీ పిలిపిస్తాలే" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"మళ్ళీ రప్పించడం నా చేతిలో లేదు మల్లయ్యా."

అతను నా వైపు ఓసారి చూసి పకపకా నవ్వాడు. "ఇప్పుడు మంచిగ చెప్పినవన్న. మా ఊరికి ఎప్పుడన్న రారాదే."

"ఎప్పుడు రమ్మంటావు?"

అలా తిరిగి ఎవరూ అడగరు గనుక అతను తడబడ్డాడు. వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టి, "సెలవుల వస్తవు గద, సద్దుల బతుకమ్మ నాడు రా" అన్నాడు.

"పొద్దున్నా, సాయంత్రమా?"

"నాలుగ్గొట్టంగ రా. ఆడోళ్ళు బతుకమ్మ ఎత్తుకునే యాళ్ళకుంటవు."

ఆ ఏడు సెలవు ఆ రోజుకు కుదిరేలా అడిగి తీసుకున్నాను. బయల్దేరే ముందు మేడమ్ ఒక నల్లరొట్టె గుడ్డలో చుట్టి ఇచ్చింది. "ఇది వారం నిలుస్తుంది. పూలు అక్కడ కొనండి" అంది. బొంబాయిలో దిగి, మా ఊరు వెళ్ళకుండా నేరుగా సిరిసిల్ల బస్సెక్కాను. అక్కడి బస్టాండులో బంతిపూలు కొని పల్లె బస్సెక్కాను. పల్లె స్టేజీలో దిగేసరికి వాచీలో నాలుగుకు కొద్ది నిమిషాలు తక్కువ. మల్లయ్య తలకు రుమాలు చుట్టుకుని రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు.

"ఎంతసేపయింది వచ్చి?" అని అడిగాను.

"ఇప్పుడే. రోజు అడిగినవు గదన్న, ఎందుకు రావు?"

అతను ఊళ్ళో మళ్ళీ మగ్గం మీద కూర్చోలేదు. బీడీ ఆకుల బండి తోలుతున్నాడు. నా వల్ల అతనికి పోయింది తిరిగి రాలేదు, ఇవాళ్టికీ రాలేదు. ఇంటి ముందు అతని భార్య తంగేడు పూలు వరుసలుగా పేరుస్తోంది. నా చేతిలోని బంతిపూల వైపు చూసి, "గట్లనే పట్టుకొని నిలవడ్డవేంది అన్నా, ఇటియ్యి. ఈ వరుసకు తక్కువ పడ్డయి" అని తీసుకుంది.

తిరిగి వెళ్ళాక మేడమ్ మొదట అడిగింది పూల సంగతే. "పూలు తీసుకున్నారు మేడమ్. బతుకమ్మలో పెట్టారు" అన్నాను. ఆమె పిండి పిసకడం ఆపింది. చెయ్యి తుడుచుకుని ముందుకు చాపి, "నన్నిక గెర్డా అను. బిల్ చెప్పినట్టు కాదు. మా ఊళ్ళో చెప్పినట్టు" అంది. ఆ చెయ్యి పట్టుకున్నాను గాని, పేరు మాత్రం పలకలేకపోయాను. ఇప్పటికీ మేడమ్ అనే అంటాను.

మొన్న మా పక్కవీధి కుర్రాడి తండ్రి వచ్చాడు. మావాడిని ఖతార్‌లో ఎక్కడైనా పెట్టించండి, మీకు తెలిసినవాళ్ళు ఉంటారుగా అన్నాడు. ఇన్నేళ్ళయినా మొదట నాలుక మీదికి వచ్చింది పాత మాటే. వెంటనే బల్ల మీద కత్తి పెట్టిన చప్పుడు వినబడింది. "నా వల్ల కాదండీ. అక్కడ నాకు తెలిసినవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు" అన్నాను. ఆయన ముఖం ముడుచుకుని లేచాడు. నేనూ గుమ్మం దాకా వెళ్ళి, "ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు అబ్బాయిని తీసుకుని భోజనానికి రండి. అక్కడి సంగతులు నాకు తెలిసినంత చెబుతాను" అన్నాను. ఎటూ తేల్చకుండా తలాడించాడు. అది అవునో కాదో నాకూ తెలియలేదు.

ఇవాళ ఆదివారం. షాజీరా వేగింది. వీధి తలుపు తీసే ఉంచాను.