శుక్రవారాల కుట్టుపని

ఈ అరబ్బు దేశంలో, సాల్మియాలో నేను పనిచేసే పళ్ళ డాక్టరు క్లినిక్ కింద ఒక దర్జీ దుకాణం ఉంది. పొద్దున లిఫ్టు కోసం నిలబడినప్పుడు, లోపల ఎవరో కొత్త తాను విప్పి, నీళ్ళు చిలకరించి, బాగా కాలిన ఇస్త్రీపెట్టె ఆనిస్తారు. గంజి, ఆవిరి, కాస్త మాడిన నూలు కలిసిన వాసన మెట్ల దాకా వస్తుంది. చాలామందికి కొత్త బట్ట వాసనంటే పండగ. నేను మాత్రం లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కేస్తాను, ఆ తరవాతే మా పాత ఫ్లాటు, మా అమ్మ, ఆమె చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే గుర్తుకొస్తారు.

అప్పుడు నాకు పదేళ్ళు. మా నాయన స్పేర్ పార్టుల కంపెనీలో స్టోర్ కీపరు. సముద్రానికి రెండు వీధుల వెనక, నాలుగో అంతస్తులో మాకు రెండు గదులు, ఒక హాలు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు ముగిసి వీధిలో చెప్పుల చప్పుడు సద్దుమణిగాక, సల్వా పేటలోని అరబ్బు ఇళ్ళలో పనిచేసే మా రాయచోటి వైపు ఆడవాళ్ళు, సెలవు దొరికినవాళ్ళు, ఇద్దరు ముగ్గురు చొప్పున మెట్లెక్కి వచ్చేవాళ్ళు. నల్లటి అబాయాలు విప్పి తలుపు వెనక కొక్కేలకు తగిలించి, చాప మీద కాళ్ళు చాపుకొని కూర్చునేవాళ్ళు. ఒకరు నోరు తెరిచారంటే ఇక అందరూ ఒక్కసారే, ఆరు రోజులుగా దాచుకున్న మాటలన్నీ గుమ్మరించినట్టు మాట్లాడేవాళ్ళు. ఊరి నుంచి పెట్టెల్లో వచ్చిన రాగిపిండితో అమ్మ సంగటి కెలికేది, చెనిక్కాయల ఊరిబిండి నూరేది, వాళ్ళేమో తాము పనిచేసే ఇళ్ళ నుంచి బంకలా సాగే ఖర్జూరాలు, డబ్బా అడుగున మిగిలిన మచ్‌బూస్ అన్నం తెచ్చేవాళ్ళు. ఎండాకాలం పరదాలు దించి, ఏసీ రొద కింద, చలికాలం కిటికీ తెరిచి, ఉప్పుగాలిలో, ఖర్జూరం గింజలు అరగదీసి చేసిన గవ్వలతో నాతో అష్టాచెమ్మా ఆడేవాళ్ళు. రంజాన్ నడుమ వచ్చే గర్గీఆన్ రోజుల్లో అరబ్బు పిల్లలకు పంచగా మిగిలిన బాదంపప్పులూ చాక్లెట్లూ కొంగున మూటగట్టి నాకోసం దాచేవాళ్ళు.

తిండి అయ్యాక అసలు పని మొదలయ్యేది. మా ఊళ్ళో రాయచోటి ధర్మసంస్థ ఒకటి ఆడవాళ్ళ కోసం ఒక గది కట్టించింది. అందులో కుట్టుపని నేర్పుతారు, బుధవారం బుధవారం ఒక నర్సమ్మ వచ్చి ఆడవాళ్ళను చూసి మందులిస్తుంది. గది వాళ్ళది, నర్సమ్మ వాళ్ళది, మిషన్లూ బట్టా పంపే భారం మా అమ్మ తలకెత్తుకుంది. మిషన్ల కోసం వచ్చినవాళ్ళ దగ్గర తలా కాస్త చందా తీసి, దర్జీ దుకాణాల్లో మిగిలిన ముక్కలు అడిగి తెచ్చి, అరబ్బీ పేపర్లను పావడాల కొలతకు కత్తిరించి, వాటిని బట్ట మీద పరిచి సుద్దతో గీసేది. బడిపిల్లల పావడాలు, చొక్కాలు, నెలసరికి వాడుకునే మెత్తటి గుడ్డలు శుక్రవారాల్లో కత్తిరింపులై, ఎవరు ఊరికి పోతే వాళ్ళ పెట్టెలో పోయేవి. కుట్టేది అక్కడి ఆడవాళ్ళు. ఆ కూలితో వాళ్ళు ఇల్లు నడుపుకుంటే ఇక్కడికి ఇంటిపనికి పంపే ఏజెంటు చేతికి పాస్‌పోర్టు ఇవ్వాల్సిన పని ఉండదని అమ్మ నమ్మకం.

ఆ నమ్మకం శుక్రవారం వచ్చేవాళ్ళందరిలో రెడ్డెమ్మత్తకు ఎక్కువ. పొడుగ్గా, ఎండిన మనిషి, నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఊళ్ళో ఆమె కూతురు రాణికి అప్పుడు పదిహేనేళ్ళు. ఏజెంటు అప్పటికే వచ్చి, వయసు పెంచి రాయిస్తానని, ఫోటో అడిగి పోయాడు. "నా బిడ్డ మిషన్ తొక్కల్ల గానీ ఈడ బాత్రూములు కడగకూడదు మే సుధా," అని, నాతో జాబు రాయించేటప్పుడు ప్రతిసారీ అదే మాట రాయించేది.

ఇదంతా చెప్తే సంబరంగా ఉంటుంది కానీ ఆ శుక్రవారాలన్నీ నేను భయపడుతూనే ఉన్నాను. అనుమతి లేకుండా ఇక్కడ చందాలు పోగుచెయ్యకూడదని, పదిమంది గుంపుగా కూడితే ఎవరైనా పోలీసులకు చెప్పొచ్చని నాయన రోజూ అనేవాడు. "ఎవుడన్నా ఒక్క మాట చెప్తే మన ఇఖామా పాయె, అందరం విమానం ఎక్కల్సిందే సరోజా," అనేవాడు. ఇఖామా అంటే ఇక్కడ ఉండనిచ్చే కాయితం. అమ్మ తల ఊపి మళ్ళీ కత్తెర పట్టుకునేది. తలుపు చప్పుడైతే హాలంతా ఉన్నట్టుండి మూగబోయేది. నేను స్టూలెక్కి తలుపు కన్నంలోంచి చూడాలి. ఎక్కువసార్లు కనిపించేది బిల్డింగు కాపలా చూసే హారిస్ మీసాలే, చెత్త కోసమో నీళ్ళ మోటారు సంగతి చెప్పడానికో వచ్చేవాడు. వాడు పోయాక కూడా నేను స్టూలు దిగేదాన్ని కాదు.

మూడో అంతస్తులో ఉండే మలయాళీ నర్సు మరియమ్మ సిస్టర్ అప్పుడప్పుడు పైకి వచ్చి, ఊరి గదిలో బుధవారం చెప్పే సంగతులే వీళ్ళకూ చెప్పేది. రక్తం ఎక్కువ పోతే ఊరుకోవద్దని, పొత్తికడుపులో బరువుగా ఉంటే చూపించుకోవాలని వచ్చీరాని తెలుగులో విడమరిచేది. ఆ మాటలు మొదలవగానే రెడ్డెమ్మత్త లేచి వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేది. నేను చూశాను. చిన్నదాన్ని, అందులో ఏముందో నాకు తెలియలేదు. అమ్మ కూడా చూసింది. "ఏం వదినా, మొగం ఎట్లనో ఉండాదే," అంటే, "నాకేం, గుండ్రాయి మాదిరి ఉండా," అంది.

వరసగా రెండు శుక్రవారాలు ఆమె రాలేదు. ఆ మరుసటి వారం, మధ్యలో ఒక రోజు, పొద్దున్నుంచే ఆకాశం పచ్చగా, తరవాత ఎర్రగా మారి, ఎదుటి బిల్డింగు కూడా కనపడకుండా దుమ్ము కమ్మింది. బడి మధ్యలోనే వదిలేశారు. అమ్మ తడిగుడ్డలు కిటికీ సందుల్లో కూరుతుంటే తలుపు చప్పుడైంది. తట్టినట్టు లేదు, ఏదో ఒరిగినట్టుంది. స్టూలెక్కి చూశాను, కన్నంలో ఎవరూ కనపడలేదు. అమ్మ తలుపు తీస్తే గడప మీద రెడ్డెమ్మత్త కూర్చుని ఉంది. అబాయా లేదు. జుట్టూ కనుబొమ్మలూ దుమ్ము పట్టి తెల్లబడ్డాయి. కాళ్ళకు రెండు వేరు వేరు చెప్పులు. లేవదీస్తే ఆమె కూర్చున్న చోట రాతిపలక మీద రక్తం. అంత రక్తం నేను అంతకుముందు చూడలేదు. అమ్మ నా వైపు తిరిగి, "గుడ్డ తెచ్చి తుడువు, హారిస్ చూడకముందే తుడువు," అంది. పావడాల కోసం దాచిన తెల్లబట్టతోనే తుడిచాను. తుడిచినకొద్దీ ఇంకా పులుముకుంది.

మూడు నెలలుగా పోతోందట రక్తం. మామాకు, అంటే ఆ ఇంటి యజమానురాలికి, తెలిస్తే పనికిరావని ఇంటికి పంపేస్తుందని, గుడ్డల మీద గుడ్డలు పెట్టుకొని, మెట్లు తుడిచి, తివాచీలు మోసిందట. ఆ రోజు బకాలా కొట్టుకు రొట్టె తెమ్మని పంపితే, కళ్ళు తిరిగి, ఎట్లా బస్సెక్కిందో ఆమెకే తెలియదు. మరియమ్మ సిస్టర్ డ్యూటీ నుంచి వస్తూనే పైకి వచ్చి, కళ్ళ కింద రెప్పలు లాగి చూసి, "ఇప్పుడే ఆసుపత్రి. ఇప్పుడే," అంది. ఆసుపత్రిలో గుర్తింపు కార్డు అడుగుతారు. కార్డు మామా దగ్గర ఉంది. కార్డు లేకుండా పోతే, ఎవరింటి మనిషి, ఇక్కడికెట్లా వచ్చింది అని పోలీసులను పిలుస్తారు.

నాయన కంపెనీ నుంచి పరుగున వచ్చాడు. గోడకు ఆనుకొని నిలబడి, "దాచిపెట్టినామంటే మనకూ కేసే," అన్నాడు. కోపంగా అనలేదు. నాయన భయపడటం అంత దగ్గరగా చూడటం నాకదే మొదలు. అమ్మ కాసేపు రెడ్డెమ్మత్త కాళ్ళ దగ్గర కూర్చుని, లేచి చీర మార్చుకుంది.

"మామా స్టేషన్‌కు పోకముందే నేను పోవల్ల. ఈ పొద్దు వరకే ఈమె బయటికి పోయిన మనిషి. కాయితం రాసిచ్చినారంటే పారిపోయిన మనిషి అవుతాది," అంది. తరవాత నన్ను చూసింది. "సుధా, నాకు అరబ్బీ రాదు. నువ్వు రావల్ల."

బడిలో నేర్పిన అరబ్బీ నాది. ఒంటె, ఇల్లు, ఉస్తాదు, సూర్యుడు. దుమ్ములో దీపాలు వేసుకొని పాకుతున్న టాక్సీలో సల్వా దాకా, రక్తానికి దమ్, జబ్బు మనిషికి మరీదా, చాలా అనడానికి వాయిద్, అని ఆ మూడు మాటలే వల్లించుకుంటూ పోయాను. ఒకటి మర్చిపోతే రెడ్డెమ్మత్త చచ్చిపోతుందనుకున్నాను. అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు విరిగి నా మణికట్టుకు గీరుకుంది, ఇద్దరం చూసుకోలేదు.

పెద్ద ఇల్లు. గేటు దగ్గర డ్రైవరు మమ్మల్ని ఆపి లోపలికి పోయాడు. సాంబ్రాణి లాంటి బుఖూర్ పొగ నిండిన హాల్లో మామా ఫోను చేతబట్టుకొని నిలబడి ఉంది. భారీ మనిషి, గోరింటతో ఎర్రబడిన వేళ్ళు. మెట్ల మీద నా ఈడు పిల్ల ఒకతె కమ్మీల సందులోంచి చూస్తోంది. నేను నోరు తెరిచేలోపే మామా అరవడం మొదలుపెట్టింది. అన్నీ అర్థం కాలేదు. అందులో షుర్తా అన్న మాట మాత్రం అర్థమైంది, పోలీసులు. అంతే, నేను వల్లించుకున్న మూడు మాటలూ పోయాయి. కాళ్ళ వెంట వెచ్చగా కారింది. ఆ తివాచీ మీద, పదేళ్ళ పిల్లను, నిలబడినచోటే తడుపుకున్నాను.

మామా ఆగిపోయింది. నా కాళ్ళను చూసింది, నా మణికట్టు మీది గీతను చూసింది. ఫోను కింద పెట్టింది. అప్పుడు వచ్చాయి మాటలు, ఏడుపుతో కలిసి.

"మామా, రెడ్డెమ్మ మరీదా. దమ్. దమ్ వాయిద్."

"లేష్ మా గాలత్?" అంది, నాకెందుకు చెప్పలేదని.

భయం అనే మాట ఏ పాఠంలో వచ్చిందో, ఎక్కడి నుంచి నోటికొచ్చిందో తెలియదు. "ఖాయ్‌ఫా," అన్నాను. భయపడింది.

ఎక్కడుందని అడిగింది. చెప్తే మా ఇంటికి పోలీసులొస్తారా, చెప్పకపోతే అత్త చచ్చిపోతుందా అని నేను అమ్మ మొహం చూశాను. అమ్మ పెదాలు తెల్లబడి ఉన్నాయి. "చెప్పమ్మీ," అంది. బ్లాకు, వీధి, బిల్డింగు, నాలుగో అంతస్తు, అన్నీ చెప్పాను. మామా లోపలికి పోయి, కార్డు పట్టుకొని, అబాయా తొడుక్కుంటూ వచ్చింది. నాకు తన కూతురి గౌను ఒకటి ఇప్పించింది. కారులో మా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. అలా చూడకపోవడానికి కూడా నేను దారంతా భయపడ్డాను.

రెడ్డెమ్మత్త గర్భసంచిలో గడ్డ ఉందన్నారు, కోసి తీసేశారు. ఇంకా ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరు అన్నట్టు మరియమ్మ సిస్టర్ చెప్పింది. మామా కేసు పెట్టలేదు. ఆసుపత్రికి పండ్లు పంపింది. కుట్లు మానగానే టిక్కెట్టు తీసి ఊరికీ పంపింది. రెడ్డెమ్మత్త భయపడినంతా అయ్యింది, ప్రాణం మాత్రం మిగిలింది. "ఇంగ రెండేండ్లు ఉండింటే రాణి పెండ్లి చేసేదాన్ని. మీరు ఎందుకు పోయి చెప్పినారు," అని అమ్మను నిలదీసి విమానమెక్కింది. అమ్మ ఆ మాట తలుచుకొని చాన్నాళ్ళు ఏడ్చింది.

మామా కారు మెట్ల ముందు ఆగడం బిల్డింగంతా చూసింది. హారిస్ అడిగాడు, పక్కింటివాళ్ళు అడిగారు. నాయన శుక్రవారాలు మానెయ్యమని బతిమాలాడు. కొక్కేలు ఖాళీ అయ్యాయి. అమ్మ ఒక్కతే గీసి, ఒక్కతే కత్తిరించి, ఎవరూ చూడకుండా పెట్టెల్లో సర్ది పంపేది. ఏడాది తరవాత ఊరి నుంచి రాణి చేతిరాతతో జాబు వచ్చింది. బుధవారం నర్సమ్మ వచ్చినప్పుడు రెడ్డెమ్మత్త గది గుమ్మంలో కూర్చుంటోందట. లోపలికి పోవడానికి సిగ్గుపడే ఆడవాళ్ళను చెయ్యి పట్టి లాక్కొచ్చి, తన కడుపు మీది కుట్టు చూపించి, "చెప్పండే, నా మాదిరి దాచుకోవద్దండే," అంటోందట. మిషన్ తొక్కేది రాణి. ఆ జాబు చదివిన రోజు అమ్మ సంగటి రెండో ముద్ద పెట్టుకుంది.

ఆ గది ఇరవై ఏళ్ళు నడిచింది. తరవాత బడికి రెడీమేడ్ బట్టలు లారీలో రావడం మొదలైంది, ధర్మసంస్థ పెద్దాయన పోయాడు, నర్సమ్మ రావడం ఆగింది, గదిలో ఇప్పుడు ఎరువు బస్తాలు వేసుకుంటున్నారట. మా బిల్డింగును పడగొట్టి హోటల్ కట్టారు. అమ్మ లేదు. రెడ్డెమ్మత్త మొన్న ఎండాకాలం పోయింది, డెబ్బై దాటి, తన మంచం మీద.

పోయిన వారం ఒక కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. అవతల రాణి. నలభై దాటిన మనిషి. మిషన్ పని లేక, మొగుడికి చేతగాక, వీసా తీసుకొని వచ్చిందట. ఏ ఇంట్లో అంటే సల్వా అంది, వీధి పేరు తెలియదంది, ఫోను రోజుకొకసారే ఇస్తారంది. ఒంట్లో ఎట్లుందని అడిగాను, కార్డు ఎక్కడుందని అడిగాను, నా నంబరు మూడుసార్లు చెప్పి, కాయితం మీద కాదు, తలలో రాసుకోమన్నాను. ఆమె నవ్వింది. నవ్వు ఆగాక, మెల్లగా, ఎవరో వింటారన్నట్టు అడిగింది.

"సుధా, శుక్రవారం మనోళ్ళంతా యాడ కూడతారు మే?"

ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉన్న నాకు, ఆమెకు చెప్పడానికి ఒక్క ఇల్లు తెలియదు.