సుల్తాను కోటలో తొడిగిన చెప్పులు

తాండూరులో నాపరాయి గనులున్న రాజేందర్ రెడ్డి పటేల్ 1961లో రాయి కోసే మిషన్లు చూడటానికి స్పెయిన్ దేశం పోతూ, తన బీళ్లలో గొర్రెలు మేపుకునే కురుమ బీరన్నను వెంట తీసుకుపోయాడు. ప్రేమతో కాదు. పటేల్ కడుపు జొన్నరొట్టెకు తప్ప దేనికీ ఒప్పుకోదు. మంద వెంట నెలల తరబడి తిరిగే బీరన్నకు రొట్టె చేసుకోవడం చేతనవును.

నైజాం రాజ్యం పోయి పదమూడేళ్లయింది. అయినా పటేల్ వాకిలి ముందుకొస్తే బీరన్నలాంటి వాళ్లు చెప్పులు విప్పి చంకలో పెట్టుకోవాల్సిందే. బీరన్న చిన్నప్పటి నుంచీ పెట్టుకుంటూనే ఉన్నాడు.

గ్రనాడాలో పని ముగిశాక ఒక పూట మిగిలింది. పూర్వం ముస్లిం సుల్తానులు కొండ మీద కట్టించిన అల్‌హంబ్రా కోట చూడటానికి పోయారు. గుమ్మం కనబడగానే బీరన్న వంగి చెప్పులు విప్పి చంకలో ఇరికించాడు. టికెట్లు చించేవాడు పకపకా నవ్వి, తొడుక్కోమని సైగ చేశాడు. వెనకున్న తెల్లవాళ్లూ నవ్వారు.

"తొడుక్కోరా! నా ఇజ్జత్ తీస్తున్నవ్," పళ్లు కొరికాడు పటేల్.

అలా బీరన్న మొదటిసారి పటేల్ పక్కన చెప్పులతో గుమ్మం దాటాడు, అదీ రాజు ఇంటి గుమ్మం. గోడల నిండా నైజాం రూపాయి మీద ఉండేలాంటి రాత. తోటలో కత్తిరించిన పొదలు, సన్నని నీటి కాలువలు. ఒక ముంగిట్లో తొట్టిని మోస్తున్న పన్నెండు రాతి సింహాలు.

"గివి సింహాలా పటేలా? మా మందకాడి కుక్కలోలె ఉన్నయి."

పటేల్ కూడా నవ్వాడు.

"గీ రాజులంత ఏడికి వోయిండ్రు?"

"ఎల్లగొట్టిండ్రు."

"గంత పెద్దోళ్లనా!" అన్నాడు బీరన్న.

తాండూరుకు తిరిగొచ్చాక పటేల్ తన అరుగు మీద పదిమందిని కూర్చోబెట్టుకుని కోట ముచ్చట్లు చెబుతూ, సాక్ష్యానికి బీరన్నను పిలిపించాడు.

"వాకిలి కాడ చెప్పులిడువు మల్ల. మంద మేసేది ఆయన బీళ్లల్లనే," అంది బయల్దేరుతున్న బీరన్నతో అతని భార్య రుక్కమ్మ.

"నాకెర్క లేదా?" అన్నాడు. తెలుసు. అయినా విప్పలేదు. అరుగు దాకా చెప్పులతోనే నడిచాడు.

పటేల్ చూపు అతని కాళ్ల మీద పడింది.

"కాళ్లకేందిరా అవి?"

"సుల్తాన్ ఇంట్లనే తొడుక్కోమంటివి గద పటేలా."

"గాడ సుల్తాన్ లేడు. ఈడ నేనున్న."

బీరన్నకు మంద గుర్తొచ్చింది. వంగాడు. విప్పాడు. చంకలో పెట్టుకున్నాడు.

"ఇగ చెప్పు, సింహాలెట్లున్నయి?"

"సింహాలు గాదు పటేలా, కుక్కలు," బీరన్న అరుగు మీదివాళ్లను ఒక్కొక్కరినే చూశాడు. "గుండ్రంగ నిలవడ్డయి. ఒక్కటన్న మొరగలే."

ఎవరూ నవ్వలేదు.

మరునాడే బీళ్లకు కంచె పడింది. బీరన్న మందను వికారాబాద్ అడవికి తోలుకుపోయాడు. ఆ వానాకాలంలో చిటుకు రోగం వచ్చి సగం గొర్రెలు పోయాయి. ఇంటికొచ్చినప్పుడల్లా తాండూరు స్టేషన్ నుంచి, పటేల్ వీధి వదిలి, గనుల వెనక రెండు మైళ్లు చుట్టు తిరిగేవాడు. చెప్పులు విప్పకుండా ఉండటానికే ఆ నడక.

రుక్కమ్మ పటేల్ వాకిలి ముందు నుంచి తిన్నగానే పోయేది, తన చెప్పులు చంకలో పెట్టుకుని.

"నీకేంది, రాజుల ఇండ్లు చూసొచ్చినోనివి," అనేది. "జొన్నల మూట నా నెత్తి మీదనాయె."