ఐదో కాజా

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, అవి కాగేలోగా మా వదినకి సూదిలో దారం ఎక్కించి ఇచ్చేదాన్ని. ఇరవై ఆరేళ్లు అదే పని. ఆవిడ పోయి నెల దాటింది. ఇప్పుడు పాలు కాగేదాకా ఊరికే నిలబడుతున్నాను.

వదినంటే మా ఆయనకి అక్క. పెళ్లి చేసుకోలేదు, మాతోనే ఉండేది. దర్జీ కొట్టుకి చొక్కాల కాజాలు కుట్టేది. గుండీ దూరే ఆ కాస్త చీలిక చుట్టూ ఆవిడ వేసే కుట్లు చూస్తే ముచ్చటేసేది. అయితే కుట్టిందే ఊడదీసి మళ్లీ కుట్టేది, పదిసార్లు, పదిహేనుసార్లు. వేళ్ల వెంట రక్తం కారినా ఆగేది కాదు. ఆగితే తమ్ముడికి ఏదో అయిపోతుందని భయం. నేను కడిగిన గిన్నెలు మళ్లీ కడిగేది. "మరదలా, గిన్నెలు కడిగావా, వాటికి చెయ్యూపి వచ్చావా?" అనేది. నవ్వూ వచ్చేది, ఒళ్లూ మండేది.

మందులన్నీ అయ్యాక పెద్దాసుపత్రి డాక్టరు తలకి ఆపరేషన్ చేద్దామన్నాడు. నుదుటికి రెండు పక్కలా చిన్న రంధ్రాలు పెట్టి మెదడులో కొన్ని నరాలు కోస్తే ఆ భయం పోతుందట. వదిన వద్దంది. "నా తల నాకుంచండి, మిగతాది మీరు పంచుకోండి" అంది. ఆ మాట ఎవరూ రాసుకోలేదు. మా ఆయన నావైపు చూసి, ఇంట్లో రోజంతా వేగేది నువ్వు, నువ్వే చెప్పు అన్నాడు. చేయించమన్నాను. ఆవిడ మంచికేనన్నాను. ఆ క్షణాన నా మనసులో ఉన్నది గిన్నెలు.

ఆసుపత్రికి బయల్దేరే రోజు, తమ్ముడి కోసం కుడుతున్న చొక్కాకి ఐదో కాజా ఊడదీసి ఉంది. "ముట్టుకోకు. వచ్చి నేనే కుడతాను" అని పెట్టెలో పెట్టింది.

వచ్చింది. భయం నిజంగానే పోయింది. దాంతోపాటు వెటకారం, కోపం, "మరదలా" అన్న పిలుపు కూడా పోయాయి. సూదిచ్చి కుట్టమంటే కుట్టేది, వంకరపోతే వంకరగానే. ఆపమనకపోతే గుడ్డ దాటి తను కట్టుకున్న బట్టకే కుట్టేసుకునేది. మూడు నెలలకి డాక్టరు ఎలా ఉందని నన్నడిగాడు. ఏ గొడవా లేదండీ, చెప్పినట్టు వింటోంది అన్నాను. బాగుందని రాసుకున్నాడు. ఆవిడ పక్కనే కూచుని ఉంది.

చివరి రోజుల్లో చూసిన డాక్టరమ్మ ఆ పాత కాగితాలు తిరగేసింది. ఇప్పుడు ఇలాంటివి ఎక్కడో అరుదుగా చేస్తారట, అదీ ముందు ఆ మనిషి తనంతట తాను ఒప్పుకుంటేనేనట. "అప్పుడు ఈవిణ్ణి అడిగారా అమ్మా?" అంది. అడక్కుండానే వద్దని చెప్పింది అన్నాను.

నిన్న పెట్టె సర్దుతుంటే ఆ చొక్కా దొరికింది. నాలుగు కాజాలు అచ్చు గుద్దినట్టున్నాయి. ఐదోది నోరు తెరుచుకుని, పోగులు వేలాడుతూ ఉంది. మా ఆయన దాన్ని ఒంటికి ఆనించి చూసుకున్నాడు. ఇప్పుడాయన పొట్టకి పట్టదు. అయినా, ఆ ఒక్కటీ కుట్టివ్వు, తొడుక్కుంటాను అన్నాడు.

సూదిలో దారం ఎక్కించాను, అలవాటే కదా. చొక్కా చేతిలోకి తీసుకున్నాను. మళ్లీ దారం లాగేసి సూది డబ్బాలో పెట్టేశాను.

"ముట్టుకోవద్దంది" అన్నాను.

చొక్కా అలాగే కొక్కేనికి తగిలించాను.