ఆపరాదు

మొన్న టెక్కలిలో ఒక ఆసుపత్రికి వెళ్ళినప్పుడు, గుర్రుమంటూ ఒక చిన్న యంత్రం నా మందుల చీటీని బయటికి నెట్టింది. కాగితం ఇంకా వెచ్చగా ఉంది. ప్రతి అక్షరమూ చక్కగా చదవగలిగేలా ఉంది. అయినా నాకు కోపం వచ్చింది. పేరు, వయసు, ఫోను నంబరు అన్నీ ఉన్నాయి. నేను ఏ నీళ్ళు తాగుతానో అడిగిన వారు లేరు. ఇంటికి వచ్చి ఆ చీటీని నోటుపుస్తకంలో అతికించి, పైన "కుళాయి నీరు" అని నేనే రాసుకున్నాను. ఈ అలవాటు నాకు మా డాక్టరు గారి నుంచి వచ్చింది.

ఆయన తరువాత శాసనసభ్యులయ్యారు, మంత్రి అయ్యారు. అయినా మా ప్రాంతంలో ఆయన చివరిదాకా డాక్టరు గారే. నేను టెక్కలిలో ఆయన దగ్గర కాంపౌండరుగా పనిచేశాను. రిజిస్టరులో పేరు, ఊరు, బావి అన్న వరుస తప్పరాదని ఆయన ఆజ్ఞ. జబ్బుకు నాలుగవ గడి. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుకు కారణమేమిటో ఆయనకు తేలలేదు; తేలేవరకు నీటిని అనుమానించక తప్పదన్నది ఆయన పట్టు. పూండి దగ్గరి మా ఊరి నుంచి మా అప్పను, అంటే మా అక్కను, ఆయన వద్దకు తీసుకువెళ్ళినప్పుడు ఆమె ఊరుకోలేదు.

"కాళ్ళు వాసిపోనాయని వొత్తే బావి సంగతి అడుగుతావేటి బాబూ? మా ఊరికి పిల్లనిత్తావా ఏటి?"

"కాళ్ళకి నీరు పట్టింది కదప్పా! అది ఏ బావి నీరో నాకు తెలవద్దా?"

అప్ప నొప్పి మరచి నవ్వింది. రిజిస్టరులో "జీడితోట బావి" అని రాయించుకుంది.

డాక్టరు గారి దస్తూరి మాత్రం ఘోరం. ఏ మాటలోనైనా మొదటి రెండు అక్షరాలే కనిపించేవి. మిగిలినదంతా అలలాంటి గీత. మందుల షాపులవారు చీటీలను నాకే తిప్పి పంపేవారు. నేను కింద విడమరచి రాసేవాడిని. ఆయన కార్బను కాగితం పెట్టి రాసిన రెండవ ప్రతి మీద కూడా అలాగే రాసి, రిజిస్టరులో అతికించేవాడిని. "నేను రాసింది నువ్వు సదువు, నువ్వు సదివింది నేను ఒప్పుకుంటాను" అనేవారు.

ఆయన మంత్రి అయ్యాక, మా ఊరి మంచినీటి పథకం మధ్యలో ఆగిపోకుండా చూడమని అర్జీ పెట్టాము. అప్పటికి అప్ప మూత్రపిండాలు సగం చెడ్డాయి, ఆమె కోడలి కాళ్ళు కూడా వాయడం మొదలైంది. జవాబు వచ్చింది: "మంత్రివర్యుల ఆదేశానుసారం పథకం ఆపివేయడమైనది." నేను మండిపడ్డాను. అప్ప మాత్రం తొణకలేదు.

"మన డాక్టరుబాబు అలాగ సెయ్యడు. రాతలోనే ఏదో తేడా వొచ్చుంటాది. నీ పుస్తకాలట్టుకుని ఎల్లు."

వెళ్ళాను. సచివాలయంలో అధికారి ఫైలు తెరిచి, "స్పష్టంగా 'ఆపవలెను' అని ఉంది కదండీ" అన్నాడు.

"స్పష్టంగానా?" నా గొంతు లేచింది. అక్కడ ఉన్నది "ఆప", ఆ తరువాత ఒక అల. నేను సంచిలోంచి రిజిస్టరు తీసి, రక్తపోటు రోగుల చీటీలు వరుసగా చూపించాను. ప్రతి చీటీ చివరా అదే "ఆప", అదే అల. కింద నా చేతిరాతలో "మందు ఆపరాదు". "నేనూ మీలాగే చదివి ఉంటే టెక్కలిలో సగం మంది మిగిలేవారు కాదు" అన్నాను.

ఇద్దరినీ మంత్రిగారి గదిలోకి పిలిచారు. ఆయన కళ్ళజోడు సవరించుకుని, ఫైలును అటూ ఇటూ తిప్పి, నా వైపు చూశారు.

"ఏటి రాసేనయ్యా నేను?"

"ఆపరాదు అని రాశారండీ."

"అయితే అదే రాసేను." అధికారి వైపు తిరిగి, "తప్పు మీది కాదు, నా సేతిది" అన్నారు. పలక మీద దిద్దే పిల్లవాడిలా గుండ్రంగా "ఈ పని ఆపరాదు" అని మళ్ళీ రాశారు. తరువాత నన్ను అడిగారు: "అప్ప ఇప్పుడు ఏ నీరు తాగుతంది?"

"జీడితోట బావిదేనండీ."

ఆయన ముఖంలో నవ్వు పోయింది. కలం మళ్ళీ తీసి "వెంటనే" అని చేర్చారు. అదీ గుండ్రంగానే రాశారు.

కుళాయి వచ్చిన రోజున అప్ప మొదటి బిందె నింపి, నా రిజిస్టరు తెప్పించి, తన పేరు ఎదుట బావిని కొట్టివేయించింది. కోడలి పేరు ఎదుట కూడా.

డాక్టరు గారు ఇప్పుడు లేరు. పదవి దిగి మళ్ళీ క్లినిక్కుకు వచ్చిన రోజున ఆయన నా రిజిస్టరు చివరి పేజీలో ఒక మాట రాసి ఇచ్చారు. చూసిన వారెవరూ చదవలేకపోయారు. అందులో ఉన్నది "ఆప", ఆ తరువాత ఒక అల. దాని కింద నేను ఏమీ విడమరచి రాయలేదు. ఆ రిజిస్టరు మూసి, కొత్త పుస్తకంలో గడులు గీసుకున్నాను: పేరు, ఊరు, నీరు.