పదమూడో వరుస

వెస్లీ డిగ్రీ కాలేజీ పరీక్షల విభాగంలో జూనియర్ అసిస్టెంటు. ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీ. జవాబు పుస్తకాల కట్టలు విప్పడం, ఏ హాలుకు ఎన్ని కావాలో లెక్కపెట్టి ఇవ్వడం, రానివాళ్ల నంబర్లకు ఎదురుగా ఎర్ర సిరాతో ఆబ్సెంట్ అని రాయడం అతని పని. పరీక్ష రోజున అతను ఒక్కసారి కూడా సెలవు పెట్టలేదు. ఈ సంగతి అతను చెప్పుకోడు. మిగతావాళ్లు చెబుతారు.

ఈ సెప్టెంబరులో అతనికి కొత్త పని ఇచ్చారు. కాలేజీలో చేరిన మొదటి వారం విద్యార్థులకు చిన్న పరీక్ష ఒకటి పెడతారు. యాభై మార్కులు. డిగ్రీ చదవడానికి ఎంతవరకు సిద్ధంగా ఉన్నారో తెలుసుకోవడానికి. పెట్టిన తర్వాత ఆ కాగితాలను బీరువాలో పడేస్తారు. స్టాటిస్టిక్స్ చెప్పే భాగీరథి మేడం రెండేళ్ల కిందట వచ్చింది. ఆమె వాటిని బయటికి తీయించింది. 2019లో చేరినవాళ్లు రెండువందల పన్నెండు మంది. వాళ్ల మార్కులు ఒకవైపు, డిగ్రీ పూర్తయిందా లేదా అన్నది మరోవైపు. హాల్‌టికెట్ నంబరు పట్టుకుని వెస్లీ రెండూ కలిపాడు. పదిహేను రోజులు పట్టింది.

మేడం కంప్యూటర్‌లో చుక్కలు చూపించింది. ఒక్కో చుక్క ఒక్కో విద్యార్థి.

"ముప్పై అయిదు దాటినోళ్లు అరవై ఒక్కరు. నలభై ఎనిమిది మందికి డిగ్రీ అయింది. తక్కువ వచ్చినోళ్లు ఆగిపోయిన్రంటే సమజైతది. ఈ పదమూడు మంది ఎందుకు ఆగిన్రు?"

వెస్లీ చుక్కల వైపు చూశాడు.

"పేపర్లు మిగిలినోళ్లకు యూనివర్సిటీ ఇంకొక్క ఛాన్స్ ఇస్తున్నది. నెలాఖరు దాక ఫీజు కట్టొచ్చు. జర ఫోన్ చేసి అడుగున్రి వెస్లీ సార్. ఎందుకు ఆగిన్రు, ఇప్పుడు రాస్తరా అని."

పదమూడు వరుసల కాగితం ఒకటి ఇచ్చింది. ప్రతి పేరుకు ఎదురుగా కారణాల గడులు, చివర మళ్లీ రాస్తారా లేదా అన్న గడి. చివరి వరుసలో నలభై ఆరు మార్కులు. ఆ బ్యాచ్‌లో అంతకన్నా ఎక్కువ ఎవరికీ రాలేదు. పేరు ప్రవీణ. తండ్రి పేరు వెస్లీ. మేడం కూడా అది చూసింది.

"ఈమెకు నేను చెయ్యనా?"

"వద్దు మేడం. నా పనే."

2022 జులైలో వెస్లీ భార్య గ్లోరీకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చేనాటికి కూతురు ప్రవీణకు ఆఖరి సెమిస్టర్‌లో రెండు పేపర్లు మిగిలి ఉన్నాయి. గ్లోరీ దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. వెస్లీ సూపరింటెండెంటును సెలవు అడిగాడు. నువ్వు లేకుంటే ఎట్ల నడుస్తది వెస్లీ, అన్నాడాయన. ఆ మాటకు వెస్లీకి కొంచెం సంతోషం కూడా కలిగింది. రెండోసారి అడగలేదు.

మర్నాడు ప్రవీణ అతనికి డబ్బా కట్టి ఇచ్చింది. మూడో హాలులో నాలుగో బెంచీ ఖాళీగా ఉంది. అతను ఆ నంబరుకు ఎదురుగా ఎర్ర సిరాతో రాశాడు. రెండు రోజుల తర్వాత ఇంకోసారి రాశాడు. తర్వాత సప్లిమెంటరీలు వచ్చాయి. వచ్చిన ప్రతిసారీ అతనికి హాలు పని ఉంది.

ఫోన్లు మొదలుపెట్టాడు. కోహీర్ ఊరి రాజేశ్వర్ ట్రాక్టర్ల కంపెనీలో చేస్తున్నాడు.

"వెస్లీ సారా? బోనఫైడ్ సర్టిఫికెట్ కోసం నన్ను మూడు రోజులు తిప్పిన్రు, యాదున్నదా?"

"యాదున్నది. డిగ్రీ ఎందుకు ఆగింది?"

"మీరు తిప్పుడుకే ఆగింది అని రాసుకోన్రి." నవ్వాడు. "డ్యూటీ సార్. షిఫ్టులు."

వెస్లీ ఉద్యోగం అన్నచోట గీత పెట్టాడు. రాయికోడ్ అమ్మాయి బస్సు లేదంది. ఒక నంబరు ఇప్పుడు పుణెలో ఎవరిదో. మూడు రోజుల్లో పన్నెండు వరుసలు నిండాయి.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆఫీసు ఫోన్ నుంచే ఇంటికి చేశాడు.

"డిగ్రీ కాలేజీ నుంచి మాట్లాడుతున్న. ప్రవీణ గారేనా?"

అవతల కుక్కర్ కూత వినిపించింది.

"డాడీ, గిదేం ఆట?"

"ఆట కాదు. ఆఫీసు పని. అందరికి చేస్తున్నం."

"సరే. అడుగున్రి సార్."

"డిగ్రీ ఎందుకు ఆగింది?"

"దాంట్ల ఏమేం ఉన్నయి?"

చదివాడు. పెళ్లి. ఉద్యోగం. అనారోగ్యం. బస్సు లేకపోవడం. ఇష్టం లేకపోవడం. ఇతరం.

"అనారోగ్యం అంటే నాదా, ఇంట్ల ఎవరిదైనా సరేనా?"

"అది రాసి లేదు."

"అయితే ఇతరం పెట్టున్రి."

"పక్కన వివరం రాయాలె."

"నీకు తెల్వదా డాడీ? నువ్వే రాసుకో."

వెస్లీ తర్వాతి ప్రశ్నకు వెళ్లాడు.

"రెండే పేపర్లు. నవంబర్ పద్దెనిమిది, ఇరవై. రాస్తవా?"

"ఆ రెండు రోజులు అమ్మ కాడ ఎవరుంటరు?"

"నేనుంట."

"నువ్వు హాల్ల ఉంటవు."

"ఉండ."

"ఇది ఆఫీసోళ్ల మాటనా, ఇంటోళ్ల మాటనా?"

అతను కాగితం వైపు చూశాడు.

"అవునా కాదా, ఏదో ఒకటి రాయాలె బిడ్డా."

"సెలవు కాయిదం ఇచ్చినంక అడుగు. అప్పటిదాక ఖాళీ ఉంచు. అమ్మ గోలీలు ఒడిసినయి. వచ్చేటప్పుడు తే."

ఫోన్ పెట్టేసింది.

వెస్లీ ఇతరం అన్నచోట గీత పెట్టాడు. పక్కన, తండ్రి సెలవు పెట్టలేదు, అని రాశాడు. మేడం పట్టికలో అది ఇతరం, ఒకటి, అని చేరుతుంది. చివరి గడి ఖాళీగా వదిలాడు.

తర్వాత సొరుగులోంచి సెలవు ఫారం తీశాడు. ఎన్నో ఏళ్లుగా అడిగినవాళ్లకు ఇస్తున్న ఫారమే. తనకోసం నింపుతుంటే ఏ గడిలో ఏముందో చదువుకోవాల్సి వచ్చింది. దాన్ని ప్రిన్సిపాల్ మంజునాథ్ బల్ల మీద పెట్టాడు.

ఆయన తేదీలు చూశాడు.

"పరీక్షల టైముల సెలవా? నువ్వేనా ఇది రాసింది?"

"నేనే సార్."

"మరి కట్టలు ఎవరిప్పుతరు?"

"తెల్వది సార్."

"నువ్వు లేకుంటే ఎట్ల వెస్లీ?"

ఈసారి వెస్లీకి సంతోషం కలగలేదు. మరేదీ కూడా కలగలేదు. అతను నిలబడి ఉన్నాడు. ప్రిన్సిపాల్ ఫారం మీద పేపర్‌వెయిట్ పెట్టి, చూస్తం తియ్, అన్నాడు.

అయిదయింది. సంతకం కాలేదు. వెస్లీ ఫారం వెనక్కి తీసుకోలేదు. మందుల షాపు మూసేలోపు వెళ్లాలని మెట్లు దిగాడు.