‘చూసుకున్నాను’ అని రాయించుకునే అంకుల్

మా పై అంతస్తు అంకుల్ మంగళవారం పొద్దున పోయారు. నేను ఢిల్లీ సాకేత్‌లో, ఆఫీసు మీటింగ్‌లో ఉండగా కబురొచ్చింది. మా ఇల్లున్న ఫరీదాబాద్ చేరేదాకా మెట్రోలో ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను. నన్ను నిజం చెప్పనివ్వకుండానే వెళ్లిపోయారు ఈ మనిషి!

ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత చర్చికొచ్చే నర్సుల పాత ఫోన్లే ఆయన లోకం. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన ఫోన్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాలంటే ముందు బూట్‌లోడర్, అంటే ఫోన్‌ని మొదలుపెట్టే ప్రోగ్రాం, తాళం తీయాలి. తీసిన మరుక్షణం అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. “తాళం తీయడమంటే ఇల్లు ఖాళీ చేయడమేరా” అనేవారు. అందుకే ఫోన్ తెచ్చినవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి, కంప్యూటర్‌లోకి కాపీ చేసి దాచిన ఫోటోలన్నీ వాళ్లచేతే తెరిపించి, నోటుబుక్కులో ‘చూసుకున్నాను’ అని రాయించేవారు. ఎంత విసుగో మీకేం తెలుసు! పక్కన కూర్చుని సాయం చేసే నాకు ఒక్క ఫోన్‌కి ఆదివారమంతా పోయేది.

“అంకుల్, కాపీ అయిందని కంప్యూటరే చెబుతోందిగా” అంటే, “కంప్యూటర్‌కి వాళ్లమ్మ ముఖం తెలుసా?” అనేవారు.

రెండేళ్ల క్రితం ఒక ఆదివారం ఆయన టీ పెట్టడానికి లోపలికెళ్లారు. మా వీధిలో అందరూ దీదీ అని పిలిచే నర్సు ఫోన్ కంప్యూటర్ కేబుల్‌కి తగిలించి ఉంది. ఆమె ఇంకా రాలేదు. కాపీ అయిపోయిందిలే అనుకుని, తాళం తీయాలా అన్నదానికి నేనే ‘యస్’ నొక్కేశాను. కాలేదు. చనిపోయిన వాళ్లమ్మ ఫోటోలు ఒక్కటీ మిగల్లేదు.

ఆమె వచ్చాక నేను నోరు తెరిచేలోపే, “నా చెయ్యే తొందరపడిందమ్మా” అన్నారు అంకుల్. తర్వాత నేను గొడవపడితే, “నీ చేతికి పనిచ్చింది నేనే కదరా, ఊరుకో” అన్నారు. ఊరుకున్నాను. వెధవపని చేశాను.

అంకుల్ అంత్యక్రియలప్పుడు సమాధుల తోటలో దీదీ అందరికీ దూరంగా నిలబడింది. దగ్గరికెళ్లి చెప్పేశాను.

“అచ్ఛా... నువ్వా?” అంది. “రెండేళ్లుగా చర్చిలో ఆయన పలకరిస్తే మొహం తిప్పుకున్నాను. ఒక్క మాట చెప్పొచ్చు కదా భయ్యా!”

నాకు ఏడుపొచ్చింది.

తాళం తీసిన ఫోన్ ఎప్పుడు ఆన్ చేసినా ముందుగా తెరిచిన తాళం బొమ్మతో ఒక హెచ్చరిక వస్తుంది. “అది కనబడిన ప్రతిసారీ ఆయన్నే తిట్టుకునేదాన్ని” అంటూ దీదీ బ్యాగులోంచి అదే ఫోన్ తీసి, ఆపి, మళ్లీ ఆన్ చేసింది. తాళం బొమ్మ వచ్చింది. అది పోయేదాకా ఇద్దరం చూస్తూ నిలబడ్డాం.